ఉడత పంపిన పాఠం

ఒంటిపూట బడుల రోజులు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు. వంటింట్లో అమ్మ, కుర్చీలో కునికిపాట్లు పడుతున్న తాతయ్య, గదిలో అక్క, ఆ గది తలుపు సందులో ఉడత. సందు కనిపిస్తే చాలు దూరిపోతుందని చెల్లికి అక్క పెట్టిన పేరు అది.

ఉడత చేతిలో బడిలో ఇచ్చిన ట్యాబ్ ఉంది. ఇంగ్లిష్ పాఠం. ఇంట్లో ఒకరు ఏం చేస్తున్నారో వీడియో తీస్తూ చెప్పాలి.

లోపల అక్క అద్దం ముందు కూర్చుని చెంపకు నూనె రాసుకుంటోంది. వేడినీళ్లు పడి కాలిన చెంపకూ మెడకూ డాక్టర్లు తొడ నుంచి చర్మం తీసి అతికించారు. మచ్చలు ఉబ్బకుండా పైన ఎప్పుడూ బిగుతుగా ఒక తొడుగు ఉంటుంది. నూనె రాసేటప్పుడే తీస్తుంది.

ఉడత వీడియో తీస్తూనే గుసగుసగా ఇంగ్లిష్‌లో చెప్పేసింది. ట్యాబ్ టింగుమంది. ఐదు నక్షత్రాలు!

గంతు వేయబోయి బిగుసుకుపోయింది. ఐదు నక్షత్రాల పాఠం దానంతటదే టీచర్‌కి వెళ్లిపోతుంది. రేపు పొద్దున్నే క్లాసులో పెద్ద తెర మీద వేస్తారు.

వచ్చే సోమవారం నుంచి అక్క కూడా అదే బడికి రాబోతోంది. "తొడుగుతోనే వస్తా. ఎప్పుడు తీయాలో నేనే చెప్తా" అంది నిన్ననే.

ఉడత తెరంతా నొక్కి చూసింది. వీడియో వెనక్కి రాలేదు. తాతయ్య దగ్గరకు పరిగెత్తింది.

"తాతయ్యా, పంపేసింది మళ్లీ వెనక్కి వస్తుందా?"

"ఏం పంపావే?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి ఆ చెమటలేంటే?"

రేపు పెద్ద తెర నిండా అక్క చెంప. బెంచీల నిండా కళ్లు. ఉడత పరుగున అక్క గదిలోకి వెళ్లింది.

అక్క చప్పున తొడుగు అందుకుంది. "తలుపు కొట్టి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

ఉడత మాట్లాడలేక ట్యాబ్ చేతికిచ్చింది. అక్క చూసింది. గబగబా తొడుగు పెట్టుకుంది.

"ఎవరెవరు చూశారు?"

"తెలీదక్కా... టీచర్‌కి వెళ్లిపోయింది."

"అమ్మా!" అని కేకేసింది అక్క.

విషయం విని అమ్మ వెంటనే టీచర్‌కి ఫోన్ చేసింది. రింగవుతూనే ఉంది. ఉడత అమ్మ కొంగు వదల్లేదు.

"నేనింకా తెరవలేదండీ. ఇప్పుడే తీసేస్తాను" అన్నారు టీచర్. "కానీ తన నక్షత్రాలు కూడా పోతాయి."

"పోనీ టీచర్!" అని ఏడ్చేసింది ఉడత.

అక్క ట్యాబ్ తిరిగి చేతికిచ్చి అటు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఉడత తాతయ్య దగ్గరకు వెళ్లింది. "నిన్ను వీడియో తీయనా తాతయ్యా?"

"ఆగవే, జుట్టు సరిచేసుకోనీ" అంటూ తాతయ్య బట్టతల నిమురుకున్నాడు.

మర్నాడు మళ్లీ అక్క నూనె రాసుకునే వేళ. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఉడత ట్యాబ్ బల్ల మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని, తలుపు కొట్టింది.

"ఎవరు?"

"నేనే. రావచ్చా అక్కా?"

లోపలి నుంచి అడుగులు దగ్గరకొచ్చాయి.

"ఇవాళ వద్దు."

"సరే అక్కా."

ఉడత గోడవైపే చూస్తూ నిలబడింది. అక్క మెల్లగా తలుపు వేసుకుంది.