కిర్క్‌బ్రే పచ్చికకు పట్టిన పార

ఎఫీ లాకార్ట్ తలుపు తట్టలేదు. నేరుగా లోపలికొచ్చి తడిసిన కోటుతోనే కుర్చీలో కూలబడింది.

"టుల్లాక్ గారూ, మా పచ్చికను ఎవరో చంపేశారు. నేనే చంపానంటున్నారు."

ప్రైవేటు డిటెక్టివ్ హెక్టర్ టుల్లాక్ తింటున్న రొట్టె పక్కన పెట్టాడు. సహాయకురాలు రోనా బెగ్ గబగబా కిటికీ మూసింది. డెబ్బై దాటిన ఈ గయ్యాళి మనిషి మొహంలో నెత్తురుచుక్క లేకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

సంగతి ఊరందరికీ తెలిసిందే. ఆ జిల్లాలో పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటకు మగవాళ్ళ సంఘం పుట్టినప్పుడు ఆడవాళ్ళను పచ్చిక అంచుదాకా మాత్రమే రానిచ్చేవారు, అదీ టీ అందించడానికి. ఒళ్ళుమండి ఆడవాళ్ళు సొంత సంఘం పెట్టుకున్నారు. అప్పటినుంచి ఎవరి పోటీలు వాళ్ళవి, ఎవరి కప్పులు వాళ్ళవి. ఇప్పుడు ఆడేవాళ్ళు తగ్గిపోయి, రెండు సంఘాలూ ఇవాళే ఒకటి కాబోతున్నాయి. ఆడవాళ్ళ అధ్యక్షురాలు ఎఫీ, మగవాళ్ళ అధ్యక్షుడు ఆమె సొంత తమ్ముడు ఆర్చీ. విలీనం కోసం తమ్ముడు ఊరూరా తిరిగాడు. అక్క చివరిదాకా అడ్డుపడింది.

"మళ్ళీ మమ్మల్ని వంటగదిలోకే తోస్తారని నా భయం. నోరుజారి, ఆ పచ్చిక దున్నేసినా బాగుండునని నలుగురిలో అనేశాను. తెల్లారేసరికి దున్నేసి ఉంది. పక్కన నా పార! నా సభ్యత్వం తీసేస్తారట. చిన్నప్పుడు కంచె బయట నిలబడి తమ్ముడి ఆట చూసేదాన్ని. మళ్ళీ కంచె బయటికి పోలేనండీ."

కిర్క్‌బ్రే క్లబ్బు దగ్గర జనం చావింట్లోలాగా నిలబడి ఉన్నారు. తివాచీలాంటి పచ్చిక మధ్యలో నల్లమట్టి తేలి ఉంది. రోనా అంచున ఆగి వంగి చూసింది. ఇంత పని చెయ్యడానికి ఎవరికి చేతులొచ్చాయి?

"దీనికి ఇంకా విచారణ దేనికి?" మగవాళ్ళ కార్యదర్శి డూగల్ మౌబ్రే విసుక్కున్నాడు. "పార ఆవిడది, నోరు ఆవిడది."

"విలీనమైతే మీ పదవి పోతుందటగా?" అన్నాడు టుల్లాక్.

డూగల్ మొహం కందగడ్డయింది. "పోతుంది. అయితే? సంతకాలు హాల్లో పెడతారు, పచ్చిక మీద కాదు. ఆగిపోయింది ఆట ఒక్కటే. అధ్యక్షులిద్దరూ జిల్లా అంతా చూస్తుండగా తొలి బంతులు వెయ్యాలి. అదిప్పుడు లేదు."

టుల్లాక్ మట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "రోనా, ఈ అడుగులు చూడు."

"మడమ గుర్తు లేదు సార్. చదును అడుగు. ఆటగాళ్ళ బూట్లు."

"తవ్విన అంచు?"

"వంకరటింకరగా ఉంది. పార ఒక్కచోట కూడా తిన్నగా దిగలేదు."

పొద వెనక నీడలో తవ్విన గడ్డిపెళ్ళలు కనిపించాయి. విసిరేసి లేవు. ఒద్దికగా పేర్చి, పైన తడిగోనెలు కప్పి ఉన్నాయి. టుల్లాక్ ఒక గోనె ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పాడు. తర్వాత పక్కనే ఉన్న ఎఫీ ఇంటికి వెళ్ళి, ఆమె పూలమడి అంచు చూసొచ్చాడు. తాడు పట్టి కోసినట్లుంది.

ఆర్చీ క్లబ్బు హాల్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందున్న టీ చల్లారిపోయింది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

"ఈమధ్య ఆడుతున్నారా?"

"రోజూ సాధన చేస్తున్నాను. భుజం కాస్త నొప్పి, అంతే."

"మీ బంతులు చూడొచ్చా?"

ఆర్చీ ఎడంచేత్తో సంచీ తోశాడు. నల్లటి బంతుల మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ముంది.

టుల్లాక్ అందరినీ హాల్లోకి పిలిపించాడు.

"ఇది అల్లరిమూక పని కాదు. పాడుచెయ్యబోతూ కూడా బూట్లు మార్చుకున్న మనిషి ఆటగాడు. మడమల బూట్లతో పచ్చిక మీద కాలు పెట్టడానికి మనసొప్పలేదు. కక్షతో చేసిందీ కాదు. కక్ష ఉన్నవాళ్ళు గడ్డికి తడిగోనెలు కప్పరు. దాన్ని మళ్ళీ నాటాలన్నదే ఆ మనిషి ఉద్దేశం. ఇక ఎఫీ గారూ, డూగల్ గారూ ఆపాలనుకున్నది విలీనాన్ని. పచ్చిక తవ్వితే అది ఆగదు. ఆగేది తొలి బంతి ఒక్కటే. ఆ బంతి వెయ్యడానికి భయపడింది ఎవరు? రోజూ సాధన చేస్తున్నానన్న మనిషి బంతుల మీద దుమ్ము పేరుకుని ఉంది. ఎఫీ గారి చేతిలో పార తిన్నగా కోస్తుంది, ఆమె పూలమడే సాక్ష్యం. ఆ పారను వణికే చెయ్యి పట్టుకుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆర్చీ గారూ, చెయ్యి బయటికి తియ్యండి."

రోనా చటుక్కున ఆర్చీ వైపు తిరిగింది. విలీనం కోసం ఒళ్ళు హూనం చేసుకున్న మనిషా?

ఆర్చీ చెయ్యి తీశాడు. బల్ల మీద పెట్టగానే కప్పూ సాసరూ గలగలమన్నాయి.

"నరాల జబ్బట," అన్నాడు. "పోయిన చలికాలం నుంచి. బంతి పట్టుకుంటే జారిపోతోంది. అందరి ముందూ... నావల్ల కాలేదక్కా. కాస్త గడువు దొరుకుతుందనుకున్నా. నీ పనిముట్ల కొట్లో పార దగ్గరగా ఉందని తీశాను. ఎవరో వస్తున్న అలికిడికి భయపడి వదిలేసి పారిపోయాను."

ఎఫీ అతని బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. తర్వాత మెల్లగా అంది, "చలికాలం నుంచి? ఒరేయ్, గోడవతల ఉన్నదాన్ని. నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"నన్ను క్షమించవా?"

"పచ్చికకు చేసింది క్షమించాను. పొద్దున్నుంచి వీళ్ళంతా నన్ను దొంగను చేస్తుంటే నోరు మూసుకు కూర్చున్నావు చూడు, అది క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలీదు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "లే. ఎండొస్తోంది. ఆ గడ్డి ఇవాళే నాటాలి. వేళ్ళు పట్టుకున్నాక తొలి బంతి నువ్వే వేస్తావు, ఆ చేత్తోనే. పచ్చిక చుట్టూ ఉన్న కాలవలో పడితే పడనీ. ఎవడు నవ్వుతాడో నేను చూస్తాను."

డూగల్ తలవంచుకుని, గోనెలు తియ్యడానికి అందరికన్నా ముందు బయటికి నడిచాడు.

పచ్చిక అంచున బల్ల మీద అక్కాతమ్ముళ్ళు కూర్చుని చదునుబూట్లు తొడుక్కోవడం రోనా కిటికీలోంచి చూసింది. ఆర్చీకి లేసులు ముడిపడలేదు. రెండుసార్లు జారిపోయాయి. ఎఫీ అటు చూడకూడదనుకుంది. చూసింది. ఇంకా తిడుతూనే కిందకు వంగి, తమ్ముడి బూట్లకు లేసులు కట్టింది.