గుడ్డికోత

కళ్ళే లేనిదానికి పగ ఎక్కణ్ణించి వస్తుంది, పగబట్టాలంటే ముందు మనిషిని గుర్తుపట్టాలి కదా, గుర్తుపట్టాలంటే చూడాలి కదా, మరి చూడకుండానే ప్రతిసారీ నా దగ్గరికే ఎలా వస్తోంది, అనుకుంటూ ఉమాకాంత్ బల్ల మీది కార్డును వేలితో కొంచెం పక్కకు తిప్పాడు. తిప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. దాని బొమ్మ తనవైపు చూస్తున్నట్టు ఉండటం నచ్చలేదు, అంతే.

బొమ్మలో ఒక కొడవలి ఉంది. దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు.

కార్డు అసలు పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది. సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఆడే తెలుగు కుర్రకారు దానికి గుడ్డికోత అని పేరు పెట్టుకున్నారు. కొత్త సెట్‌లో వచ్చిన మంత్రం అది. బల్ల మీద ఇద్దరి కార్డులూ కలిపి ఎన్ని ఉంటే అన్నింట్లోంచీ ఒకదాన్ని, ఎవరిదని చూడకుండా, ఆటలోంచే తీసిపారేస్తుంది. ఏది పోవాలో వేసినవాడు చెప్పకూడదు. కార్డులకు నంబర్లు ఇచ్చి, పది ముఖాల పాచిక వేసి, ఏ నంబరు పడితే దాన్ని తియ్యాలి. ఎదుటివాడి కార్డును ఏరి మరీ కొట్టే మంత్రాలకు ఐదు ఎనర్జీ అవుతుంది. దీనికి రెండే.

అంత చవకకు అంత ప్రమాదం ఒప్పుకోవచ్చా, కూడదా? ఇవాళ వీడియోలో తేల్చి చెప్పాల్సింది అదే. అతనూ జమునా కలిసి కొత్త కార్డుల మంచిచెడ్డలు తెలుగులో చెప్పే ఛానెల్ ఒకటి నడుపుతున్నారు. చూసేవాళ్ళు సూరత్‌లో కొందరు, భివండిలో కొందరు, సిరిసిల్లలో ఇంకొందరు.

సిరిసిల్ల అనుకోగానే అతని మనసు అక్కణ్ణించి పక్కకు తప్పుకుంది. మనసుకు ఆ విద్య బాగా వచ్చు.

జమున ఇంకా రాలేదు. కిటికీ బయట వాన సన్నగా పడుతోంది. కింద, ఇంటి అడుగున ఉన్న కార్ఖానాలో సాంచాలు ఆదివారమని కూడా చూడకుండా ఆడుతున్నాయి. దీపావళి గిరాకీ. మరమగ్గాల ఆ చప్పుడు ఉమాకాంత్‌కు చప్పుడుగా ఎప్పుడూ వినబడలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ దాని మీదే పడుకున్నాడు, దాని మీదే లేచాడు.

జమునను మొదటిసారి చూసింది కూడా వానలోనే. మాల్‌లో కార్డుల దుకాణం, చిన్న టోర్నమెంటు. తడిసిన జుట్టుతో ఎదురుగా వచ్చి కూర్చున్న అమ్మాయి దుకాణదారుతో గుజరాతీ, అతనితో హిందీ మాట్లాడింది. తన దగ్గరున్న కార్డులన్నీ బల్ల మీద పరిచి, అతని ఒకే ఒక్క కార్డును చుట్టుముట్టి ఓడించింది. ఈ ఊళ్ళో తన భాష ఈమెకెందుకు వస్తుందిలే అన్న ధైర్యంతో అతను గొణిగాడు: "దీని మొహం మండ, ఎట్ల గుంజిందో."

ఆమె తల ఎత్తకుండానే కార్డులు సర్దుకుంటూ అంది. "జర గట్టిగ అను. మా బాపు గూడ ఇంటడు."

అతను బిత్తరపోయి వెనక్కి చూశాడు. "ఏడున్నడు?"

"నవాగామ్‌ల, మా ఇంట్ల. గంత గట్టిగ అను."

తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ప్రతి ఆదివారం ఆమె వస్తుంది, ఆడుతుంది, వెక్కిరిస్తుంది, అతని అవ్వ చేతి టీ తాగి వెళ్తుంది. చెప్పాల్సిన మాట ఒకటి ఇద్దరి మధ్యా బల్ల మీద బోర్లించిన కార్డులాగే ఉండిపోయింది. తిప్పాల్సింది తనే అని ఉమాకాంత్‌కు తెలుసు. ఆమెకూ తెలుసు.

మొన్న బుధవారం ఫోన్ చేసి ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. సిరిసిల్ల నుంచి సంబంధం వచ్చిందట, అబ్బాయికి బ్యాంకులో కొలువట. ఆమె తండ్రి లింగమూర్తి ఐతారం పొద్దుగూకేసరికి జవాబు చెప్పమన్నాడట. ఆమె సరే అంటే వాళ్ళు వచ్చే వారమే రైలెక్కుతారు.

"నువ్వేమంటవ్?" అని అడిగింది.

"నీ ఇష్టం, జమునా."

ఫోన్‌లో చాలాసేపు ఎవరిదో ఊపిరి వినబడింది. అది తనదేనేమో. "చాల్", సరే మరి, అని గుజరాతీలో ఒక్క ముక్క అని ఆమె పెట్టేసింది.

ఆ ఐతారం ఇవాళే.

నీ ఇష్టం అన్న మాట ఉమాకాంత్‌కు అప్పటికప్పుడు నోట్లో పుట్టింది కాదు. చిన్నప్పుడు సూరత్ స్టేషన్‌లో, విడిపోతున్న అమ్మా నాన్నా చెరో సంచీ పట్టుకుని నిలబడి, ఎవరితో వస్తావురా అని అడిగారు. ఒకరిది కరీంనగర్ వైపు పోయే బండి, ఒకరిది భివండి వైపు పోయేది. అతను రైలు చక్రాలకేసి చూస్తూ ఊరుకున్నాడు. చివరికి అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ రోజు అతని పిల్లమనసు ఒక సంగతి నేర్చుకుంది: ఎంచుకోనివాడి మీద ఎవరూ కోపం తెచ్చుకోరు. అందుకే గుడ్డికోత మొదటిచూపులోనే నచ్చింది. అదీ ఎంచుకోదు.

పైగా లెక్క ప్రకారం అది అతనిలాంటి వాడి కోసమే చేసినట్టుంటుంది. అతను బల్ల మీద ఒక్క కార్డే పెడతాడు, దీపాల పిల్ల. ఉన్న బలమంతా దానికే ఇస్తాడు. జమున ఆరింటిని పరుస్తుంది. ఏడింట్లో ఒకటి పోవాలంటే ఆమెది పోయే వీలే ఎక్కువ. కానీ ఈ ఆదివారాలన్నీ ఎన్నిసార్లు వేసినా పోయింది దీపాల పిల్లే.

యాదృచ్ఛికం, అనుకోవచ్చు. ఉమాకాంత్ అనుకోలేకపోయాడు. అతను చేసే పని చీరలకు డిజైన్లు గీయడం. బుటీలు, అంటే చీర మీది చిన్న పువ్వులు, చెదిరిపోయినట్టు కనబడాలి, కానీ కొంత దూరం పోయాక సరిగ్గా అవే తిరిగి రావాలి, ఆ సంగతి కట్టుకునే మనిషికి తెలియకూడదు. అలా దాచటమే అతని జీతం. చెదిరినట్టు కనబడే ప్రతిదాని వెనకా ఒక చెయ్యి ఉంటుందని అతనికి తెలుసు. ఈ చెయ్యి ఎవరిదో మాత్రం తెలియలేదు.

తలుపు దగ్గర గొడుగు దులిపిన చప్పుడయింది. వంటింట్లోంచి అవ్వ వెంకటవ్వ, తిన్నావా బిడ్డా అని అడిగింది. తిన్నానని చెప్పి జమున లోపలికి వచ్చింది. ఎప్పటిలా అతన్ని డిజైనర్ సాబ్ అనలేదు. ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టి, వీడియో మొదలుపెట్టి, కార్డులు పరిచింది.

ఉమాకాంత్ తన వంతుగా చెప్పాల్సింది చెప్పాడు. ఖర్చు తక్కువ, ఎదుటివాళ్ళవి ఎక్కువ ఉన్నప్పుడు లాభం, కాబట్టి మంచి కార్డే. తర్వాత, అడక్కపోయినా, ఇంకో మాట కలిపాడు.

"ఇంకోటేందంటే, దీంతోని ఏది పోయినా ఎవరి తప్పు గాదు."

"గందుకే ఇది పనికిరాని కార్డు," అంది జమున, ఫోన్ వైపు కాకుండా అతని వైపు చూస్తూ. "పోగొట్టుకున్నోనికి తప్పు ఎవరిదైతే ఏంది? పోయింది పోయినట్టే గద."

ఆమె వేలితో ఒక్కొక్క కార్డునూ తాకుతూ నంబర్లు ఇచ్చింది. తనవి ఒకటి నుంచి ఆరు. దీపాల పిల్ల ఏడు. ఏడు దాటి పడితే మళ్ళీ వేయాలి. పాచిక వేసింది.

అది దొర్లి మూడు మీద ఆగింది. ఆగిందని ఉమాకాంత్ గుండె తేలికపడింది. అంతలో పాచిక, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు, నెమ్మదిగా కదిలి ఏడు మీదికి ఒరిగింది.

"పోనీ," అన్నాడు అతను, అలవాటుగా. దీపాల పిల్లను తీసి పక్కన పెట్టాడు.

అప్పుడే కరెంటు పోయింది.

కింద సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెవుల్లోంచి ఏదో బరువైనది లాగేసినట్టయింది. వాన చినుకులు విడివిడిగా వినబడ్డాయి. ఉమాకాంత్ చూపు ఫోన్‌ను ఆనించిన గ్లాసు మీద పడింది. అందులో సగం దాకా నీళ్ళున్నాయి. నీళ్ళ మీద సన్నటి వలయాలు ఒక్కొక్కటే చిన్నవై, ఆగిపోతున్నాయి. గ్లాసులో నీళ్ళు నిలకడగా ఉండటం ఈ ఇంట్లో ఎప్పుడు చూశాడో అతనికి గుర్తు రాలేదు.

"జమునా, బల్ల వణుకుతున్నది," అన్నాడు. "ఇన్ని దినాలు బల్ల వణుకుతనే ఉన్నది. డైస్ ఆగినంక గూడ సాంచాలే దాన్ని జరుపుతున్నయి. దాని బరువు ఏడు దిక్కు ఉన్నట్టుంది, అటే ఒరుగుతది. వేరేవోళ్ళయితే మొదటి రోజే పట్టుకుందురు. మనం సాంచాల మీద పుట్టినోళ్ళం, మనకు వణుకు తెల్వది."

ఇవాళ అతను ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. పగా లేదు, చెయ్యీ లేదు. నవ్వొచ్చింది. జమున నవ్వలేదు.

"నాకు తెలుసు," అంది.

"ఎప్పటిసంది?"

"మొదట్లనే. ఛాయ్ గ్లాసు దానంతట అదే నా దిక్కు వస్తుండె. డైస్ గూడ గట్లనే పోతదని సమజైంది. ఏడుకే పోతదని గూడ."

"మరి నా కార్డుకే ఏడెందుకు ఇచ్చినవ్?"

"ఇయ్యకు అంటవేమోనని." ఆమె గొంతు తగ్గించింది. "ఇన్నిసార్లు నీది పోయింది, ఉమా. ఇన్నిసార్లు పోనీ అన్నవ్. నంబరు మార్చు జమునా, దాన్ని ముట్టకు, అని ఒక్కపారి అనలే. నేను చూస్తనే ఉన్న."

చెయ్యి ఎవరిదో తెలిసింది. తెలిశాక భయం పోవాలి. పోలేదు. ఏదో ఒకటి రుజువు చేసుకోవాలనిపించి ఉమాకాంత్ పాచిక తీసుకున్నాడు. ఇప్పుడు సాంచాలు లేవు, వణుకు లేదు, ఏదైనా పడొచ్చు. వేశాడు.

ఏడు.

ఇద్దరూ దాన్నే చూశారు. పాచిక కదలలేదు, ఒరగలేదు, నేరుగా వచ్చి ఏడు మీద కూర్చుంది.

"సాంచాలు నడుస్తనే ఉన్నయి గద, లైట్లెందుకు పోయినయే?" వంటింట్లోంచి వెంకటవ్వ అడిగింది. సగం బతుకు సాంచాల మధ్యనే గడిపిన మనిషి. ఆమెకు సరిగా వినబడదు.

"ఆగినయి, అవ్వా."

"మీకు ఆగినయి," అంది అవ్వ.

ఉమాకాంత్ బల్ల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చెక్క చల్లగా ఉంది. అందులో చాలా లోతున ఏదో ఆడుతున్నట్టు అనిపించింది. అది తన నాడే కావచ్చు.

జమున పాచిక అందుకుంది. "బాపు ఎదురు చూస్తుంటడు. నేను పోవాలె," అంది. "నీ ఆటనే ఆడుదాం. ఏడు పడితే సిరిసిల్లోళ్ళకు సరే అంట. వేరేది పడితే వద్దంట. ఎవరి తప్పు గాదు."

పదింట్లో ఒకటి, అని అతని మనసు వెంటనే లెక్క కట్టింది. మంచి లెక్కే. తొమ్మిది ముఖాలు తన వైపున ఉన్నాయి. ఏది పడినా తను అడిగినట్టు కాదు, కాదన్నట్టూ కాదు. లోపల ఎక్కడో ఒక మూల, స్టేషన్‌లో చక్రాలు చూస్తూ నిలబడ్డ పిల్లవాడు హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య అతనికి స్పష్టంగా వినబడింది. కొడవలి కంటే, పాచిక కంటే, అవ్వ చెవుల్లో ఆగని సాంచాల కంటే అదే ఎక్కువ భయం పుట్టించింది.

జమున వేసింది. గట్టిగా వేసింది. పాచిక గ్లాసుకు తగిలి, బల్ల అంచు దాటి, నేల మీద పడి, గచ్చు మీద గలగలా దొర్లుకుంటూ ఇనుప బీరువా కిందికి పోయింది. గోడ అంత దూరంలో లేదు. అయినా ఆ చప్పుడు చీకట్లో ఇంకా ఇంకా లోపలికి పోతూనే ఉంది. తర్వాత ఆగింది.

ఇప్పుడక్కడ ఏదో ఒక అంకె పైకి చూస్తూ ఉంటుంది. అది పడిపోయింది. ఎవరూ చూడలేదు, అంతే. చూడనంత వరకూ అది ఏదీ కాదని చదువుకున్నవాళ్ళు అనవచ్చు. ఉమాకాంత్‌కు మాత్రం అది ఏమిటో తెలిసినట్టే ఉంది.

జమున ఫోన్ తీసి, వీడియో ఆపి, టార్చి వెలిగించింది. బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి మాత్రం వెంటనే కిందికి దించలేదు. వానతడి ఆరని జడ భుజం మీంచి జారి గచ్చును తాకింది. ఆమె దేనికోసమో ఆగింది. అతను ఎప్పుడూ ఊరుకున్నంతసేపూ ఆగింది. తర్వాత తల వంచి, టార్చి కిందికి దించబోయింది.

ఉమాకాంత్ కుర్చీలోంచి లేచి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"చూడకు," అన్నాడు. "ఏడైనా సరే, నువ్వు పోవద్దు."

ఆమె కదలలేదు. టార్చి వెలుగు బీరువా కింద దుమ్ములోకి ఇంకా కొంచెం పాకుతూనే ఉంది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. రెండేళ్ళలో ఆమెను తాకడం అదే మొదలు. ఆ చెయ్యిని మెల్లగా పైకెత్తి, వెలుగును ఆ చీకట్లోంచి తప్పించి, తన ముఖం మీదికి తిప్పుకున్నాడు.