కోపం లేని లింగమూర్తి

చెప్పు గిర్రున తిరుగుతూ వచ్చి, లింగమూర్తి ముఖంలోంచి దూసుకుపోయి వెనక గోడకు తగిలింది. ఆయన చిరునవ్వు చెదరలేదు. చనిపోయి ఆరేళ్లయిన మనిషి, కాంతితో చేసిన బొమ్మ. చెదరడానికేముంది?

"థూ! నీ నోట్లె మన్నువడ!" ఎల్లవ్వ రెండో చెప్పు తీసింది. నడుం దాకా తడిసిన చీరతోనే తూముకింది బస్తీ నుంచి నగరసభకు వచ్చిందామె. "బతికున్నప్పుడు మా కోసం కొట్లాడినవ్. సచ్చినంక ముంచుతవా?"

నీరజకు ఒళ్లు మండిపోయింది. తిట్లు తింటున్నది ఆమె తండ్రి.

రాజధానిలో ఇప్పుడు మేయర్ ఒక్కడే ఏ నిర్ణయమూ తీసుకోడు. దివంగతులైన ప్రముఖుల మాటలు పోసి తయారుచేసిన స్మృతిమూర్తులు సభలో కొలువుంటాయి. రోడ్డుకైనా నాలాకైనా వాటి సమ్మతి కావాలి. పెద్దాయన సరేనన్నాక కాదనే మొనగాడు ఈ ఊళ్లో లేడు. పాలకుంట చెరువు నిండి కట్ట మీదికి నీళ్లొస్తుంటే, చీఫ్ ఇంజనీరుగా పేరు మోసిన లింగమూర్తినే అడిగారు. పొద్దున పడమటి తూము సగం ఎత్తారు. నీళ్లు బస్తీ మీద పడ్డాయి. ఇప్పుడు పూర్తిగా ఎత్తబోతున్నారు. ఇళ్ల కప్పుల మీద ఇంకా జనం ఉన్నారు.

"నా మాట కాదమ్మా," మేయర్ చక్రధర్ చేతులు జోడించాడు. "మీ నాన్నగారే..."

"మా నాన్న బస్తీ మునగొద్దని ఆ తూముకు గొలుసేసి తాళం పెట్టిన మనిషి!" నీరజ వేదిక ఎక్కేసింది. "మీరెట్ల అడిగిన్రు?"

"మామూలుగానే. పడమటి తూము ఎత్తడం మంచిదే కదా సార్, అని."

నీరజ బొమ్మకు ఎదురుగా నిలబడింది. "నాన్నా, పడమటిది మూసి తూర్పుది ఎత్తుదామా? నీళ్లు మేయర్ గారి కొత్త టవర్ల సెల్లార్లలోకి పోతయ్."

"చక్కని ఆలోచన తల్లీ. అలాగే చెయ్యండి," అన్నాడు లింగమూర్తి.

"రెండూ మూసి కట్టే తెంపుదామా?"

"చాలా బాగుంది. నా ఆశీస్సులు."



"విన్నరా? జన్మలో ఎవరికీ సరే అనని మనిషి!" నీరజ మేయర్ వైపు తిరిగింది. "అవునని తప్ప అనలేని నోటితోటి అవుననిపించిన్రు. పడమటిది మూసి తూర్పు తూము ఎత్తించండి. లేకుంటే ఈ అవ్వ చెప్పు ఈసారి గోడకు తగలదు."

కెమెరాలన్నీ తన మీదే ఉన్నాయని గమనించి చక్రధర్ ఫోను తీశాడు. గోడ మీది తెరలో పడమటి తూము మెల్లగా కిందికి దిగింది, తూర్పుది పైకి లేచింది. ఎల్లవ్వ చేతిలోని చెప్పు కింద పడేసింది.

మేయర్ ముఖం మాత్రం కందగడ్డలా ఉంది. "తప్పంతా నా నెత్తినేనా? ఆయన కోపాన్ని పీకేసింది నేనా? తయారుచేసిన వాణ్నే అడుగు."

మూర్తిశాల నిపుణుడు ఇలియాస్ ముందుకొచ్చాడు. "మేడం, అందులో ఆయన వేరేవాళ్ల సంతాప సభల్లో చేసిన ఉపన్యాసాలు తప్ప ఏం లేవు. చచ్చినోణ్ని సభలో ఎవరు తిడతరు? సైట్ల మీది అరుపులు, మీటింగుల తగాదాలు మొదట పోసినం. తర్వాత తీసెయ్యమన్నరు."

"ఎవరు?"

ఇలియాస్ చూపు ముందు వరసకు పోయింది. అక్కడ సన్మానం శాలువా కప్పుకుని నీరజ తల్లి సుగుణమ్మ కూర్చుని ఉంది. నీరజ దిగి ఆమె ముందుకొచ్చింది.

"నలభై ఏండ్లు ఆ అరుపులు పడ్డ బిడ్డా," సుగుణమ్మ గొంతు కూతురికి తప్ప ఎవరికీ వినపడలేదు. "కూరల ఉప్పు తక్కువైనా గదే గొంతు. ఒక్కసారన్న నాతోని మెత్తగ మాట్లాడితే ఇందామనుకున్న. రోజూ వచ్చి బాగున్నవా అనడుగుత. బాగున్న సుగుణా, అంటడు. గంతే."

నీరజ కోపానికి ఎటు పోవాలో తెలియలేదు. కానీ అది చల్లారనూ లేదు.

"ఎవలు బిడ్డా?" ఎల్లవ్వ వెనక నుంచి అరిచింది. "ఇద్దరు కొట్టుకపోయిన్రు మా గల్లీల. గా మనిషి పేరు జెప్పు, గట్టిగ జెప్పు!"

సుగుణమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. నీరజ ఆ చెయ్యి విడిపించుకుని మైకు లాక్కుంది.

"సుగుణమ్మ," అంది. "మా అమ్మ."