ఒక లీటరు నీళ్లు

ఆ మధ్యాహ్నం ఫిజియాలజీ ల్యాబ్‌లో మాకు నీళ్ల ప్రయోగం. ఒకరు లీటరు నీళ్లు ఒక్కసారిగా తాగాలి. తర్వాత అరగంటకోసారి బరువు చూసి, మూత్రం కొలిచి రాయాలి. ఒంట్లో నీళ్లు ఎక్కువైతే మూత్రపిండాలు ఎలా సరిచేస్తాయో కళ్లారా చూడటమే పాఠం.

తాగడానికి గువ్వ ముందుకొచ్చింది. నా రూమ్మేట్. ముడుచుకుని పడుకుంటుందని ఆ పేరు నేనే పెట్టాను.

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకాన్ని, నీళ్లకేం!" అని నవ్వింది.

తాగకముందు బరువు నలభై ఆరు కిలోలు. గటగటా తాగేసి, మూతి తుడుచుకుని మళ్లీ మెషిన్ ఎక్కింది. నలభై ఆరే. ఒక కిలో పెరగాలి కదా! మెషిన్ పాడైందేమోనని నేనెక్కి చూశాను. నా బరువు సరిగ్గానే ఉంది.

అరగంట గడిచింది. మూత్రం ఒక్క చుక్క కూడా రాలేదంది. బరువు నలభై ఐదు. పెదవులు ఎండి పొట్టు లేచాయి. మేడమ్ ఆమె చేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వదిలారు. మడత అలాగే నిలబడిపోయింది, పిండి ముద్దను గిల్లినట్టు.

"ఇంకో లీటరు ఇవ్వండి, త్వరగా," అన్నారు మేడమ్.

అదీ తాగింది. గ్లాసు కింద పెట్టింది. కానీ గుటకల చప్పుడు ఆగలేదు.

గుటక్... గుటక్...

గువ్వ నోరు మూసే ఉంది. చప్పుడు ఆమె వీపు వెనక నుంచి వస్తోంది. చిన్నపిల్లలు ఊపిరి కూడా తీసుకోకుండా తాగుతారే, అలా. దాంతోపాటే పాలు విరిగినట్టు పుల్లటి వాంతి వాసన.

గువ్వ నా చెయ్యి పట్టుకుంది. ఎండుటాకు తగిలినట్టయింది.

"మా చెల్లి," అంది గుసగుసగా.

"నీ వెనక ఎవరూ లేరే..."

"దానికి మూడేళ్లప్పుడు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని నానమ్మ ఇవ్వొద్దంది. నన్ను కాపలా కూర్చోబెట్టారు. తెల్లవార్లూ 'అక్కా, నీళ్లు' అంటూనే ఉంది, తెల్లారేసరికి పోయింది. చెంబు నా ఒళ్లోనే ఉంది."

"అప్పుడు నువ్వూ చిన్నపిల్లవే. నీకేం తెలుసు?"

"దాహమంటే తెలీదా?"

ఆ మాట అంటూనే కూలబడింది.

పక్క బిల్డింగే ఆసుపత్రి. మోసుకెళ్లాం. రెండు చేతులకీ సెలైన్ పెట్టారు. సీసా వెనక సీసా ఖాళీ అవుతోంది... బీపీ పడిపోతూనే ఉంది. ఎక్కడైనా కారిపోతోందేమోనని డాక్టరు పక్కంతా తడిమి చూశాడు. దుప్పటి పొడిగా ఉంది. కళ్లు లోపలికి పోయాయి. నాలుక అట్టముక్కలా అయింది. నాలుగో సీసా ఎక్కిస్తుంటే నర్సు చేతిని చూస్తూ గువ్వ ఏదో గొణిగింది. దగ్గరగా చెవి పెట్టి విన్నాను.

"ఆపొద్దని చెప్పు... ఇంకా తాగుతోంది."

అదే చివరి మాట. అయిదున్నరకి పోయింది.

వాళ్ల అమ్మకి ఫోన్లో ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పాం. పొద్దుగూకుతుండగా వచ్చిందావిడ. విషయం ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. గువ్వ ముఖం మీదికి దుప్పటి లాగేశారు అప్పటికే.

ఆవిడ ఏడవలేదు. గుమ్మంలోనే ఆగింది. మంచం వంక చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఇంత ఇరుకు మంచం మీద ఇద్దర్నీ ఎందుకు పడుకోబెట్టారమ్మా?"