చేవెళ్ల రోడ్డు మీద కొత్త మైసమ్మ

...అయినా ఈ రోడ్డుకు అంత విలువేమిటి, అనుకున్నాడు నాగేందర్. మొయినాబాద్ దాటితే టమాట చేన్లు, గులాబీ తోటలు, మధ్యలో నిన్నమొన్న లేచిన ఫామ్‌హౌస్ గోడలు. సాఫ్ట్‌వేర్ డబ్బు ఆదివారం ఇక్కడికొచ్చి మట్టి వాసన పీల్చి, మిగతా ఆరు రోజులూ ఏసీలో కూర్చుని ఆ మట్టిని పొగుడుతుంది. ఆ డబ్బంటే అతనికి రోత. దానికి భూములమ్మి జీపులు కొన్న ఊరివాళ్లంటే మరీ రోత. అతని ఊరు పక్కనే, చిన్న మంగళారం. అందుకే గూఢచారి శాఖ చీఫ్ జగదీశ్ ఈ మిషన్ అంటగట్టాడు.

"రోడ్డు పక్కన ఫైబర్ కేబుల్ ఉన్నది. నాలుగింటికి కొత్త రాడార్ కోడ్ హైదరాబాద్ నుంచి పడమటి తీరంలోని నేవీ బేస్‌కు అందులోనే పోతది. దాన్ని దొంగిలించనీకి విదేశీ ముఠా ఎక్కడో ట్యాప్ పెట్టింది. తీసెయ్."

"పంపుడు ఆపరాదు?"

"పాత కోడ్ వాళ్లకు చిక్కింది. ఇయ్యాల మార్చకుంటే తీరమంతా గుడ్డిదే."

ప్లాట్లు కొనే షావుకారు వేషం. మెడలో గొలుసు, చేతికి గడియారం, రెండడుగుల దూరంలో ట్యాప్ ఉంటే మోగేది. కనకమామిడి వెంచర్ ఆఫీసులో పట్టుచీర, నల్లద్దాలతో పూజిత కూర్చుని ఉంది. ముఠాలో మన మనిషి.

"పడమటి ముఖం ప్లాట్ ఉన్నదా?"

"వాన పడ్డంక చూపిస్త సర్."

గుర్తుమాట కలిసింది. ట్యాప్ కాలువ పక్క మ్యాన్‌హోల్‌లో ఉందని ఆమె చెప్పింది. రెండు గంటలు తవ్వితే కప్పలు దొరికాయి. పూజిత ఎవరి మనిషో అప్పుడర్థమైంది. టైం మూడూ యాభై.

ఎంకపల్లి మలుపులో స్టీరింగ్ జారుతుంటే కారాపి, చేతుల బురద కడుక్కోవడానికి టమాటలమ్మే సక్కుబాయిని నీళ్లడిగాడు. ఆమె పక్కన పసుపు పూసిన రాయి, వేపమండలు. పొద్దున్నుంచి నాలుగుసార్లు కారులోంచి మొక్కిన రాయే. చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది.

ముసలమ్మ నవ్వింది. "దానికి మొక్కుతున్నవేంది బిడ్డా?"

"మైసమ్మ కాదా అవ్వ?"

"ఎవని మైసమ్మ? మొన్న బేస్తవారం కారుల ఒచ్చి పాతిపోయిండ్రు. బైండ్ల పూజారి రాలే, పూజ చెయ్యలే, యాటను కొయ్యలే. గట్ల పాతితె అమ్మోరైతదా? ఊళ్లె ఒక్కలు మొక్కలే."

"మరి ఎవ్వరికీ చెప్పలే?"

"ఎవలన్న అడిగిండ్రా?"

అతను దగ్గరికి జరిగాడు. గడియారం మోగింది.

దేవతను పల్లెటూరివాళ్లు ముట్టరని ముఠా లెక్క. ఊళ్లో ఆ లెక్క పనిచెయ్యలేదు. అతని మీదే పనిచేసింది.

"జరుగు నాగేందర్." వెనక పూజిత, చేతిలో పిస్టల్. "నువ్వెట్లాగూ ముట్టవు. నీ ఫైల్ చదివిన. నాస్తికుడని రాసుకున్నవ్, నేను నమ్మలే."

కిలో తూకంరాయి గాల్లో లేచి ఆమె మణికట్టుకు తగిలింది. పిస్టల్ పక్కనున్న మురుగు మోరీలో పడింది. ఆమె చెయ్యి పట్టుకుని కూలబడింది.

"నా బేరం కాడ గీ లొల్లేంది," అంది సక్కుబాయి.

నాలుగవ్వడానికి ఇంకా ముప్పై సెకన్లు. అతను రాయి మీదికి వంగాడు. సిమెంటు, లోపల సర్క్యూట్ బోర్డు, అంతే. తనకు తాను చెప్పుకున్నాడు. చెయ్యి వినలేదు. ఇన్నేళ్లూ ఊరి మీద ఉమ్మిన ఉమ్మంతా తన ముఖం మీదే పడ్డట్టుంది.

"ఉత్త రాయి బిడ్డా, గుంజు."

నాలుగుకు రెండు సెకన్ల ముందు రాయి తీగలతో సహా ఊడొచ్చింది. అంతకుముందు ఇరవై సెకన్లు, దేశ భద్రతను పక్కన పెట్టి, నాగేందర్ బూట్లు విప్పుకున్నాడు.