మధ్యాహ్నం చూడని కన్ను

ఏజెంట్ సైదా శవం చీరాల స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద దొరికింది. గుండెపోటు అని డాక్టరు రాశాడు. మెడ వెనక సూది గుర్తు ఆయన చూడలేదు. 2002 మే నెల. ఆ ఎండలో శవాన్ని రెండోసారి చూసే ఓపిక ఎవరికీ లేదు.

సైదా జేబులో రెండే వస్తువులు. ఒక గోడ థర్మామీటరు. ఒక సిగరెట్ పెట్టె అట్ట. అట్ట మీద అతని చేతిరాత: "గది 37. రెండు నుంచి నాలుగు."

"అర్థం తెలీదు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "విదేశీ ముఠా కొరియర్‌ని మూడు వారాలుగా వెంబడిస్తున్నాడు. టార్గెట్ మాత్రం తెలుసు. చిలకలూరిపేట, పత్తి శాస్త్రవేత్త చెంచురామయ్య ఇల్లు."

"విత్తనమా?"

"నాలుగు వందల గ్రాములు. కాయపురుగు ముట్టని పత్తి. లాబ్‌లో ఇద్దరు అమ్ముడుపోయారని ఆయన ఇంటికి తెచ్చి దాచుకున్నాడు. పోతే మళ్ళీ పదకొండేళ్ళ పని. ఆయనకిప్పుడు డెబ్భై నాలుగు. నువ్వు అలారం మెకానిక్‌గా వెళ్తున్నావు."

ఏజెంట్ ప్రేమదాసు ఫోన్ పెట్టేశాడు. అతను దర్శి పక్క పల్లెవాడు. పురుగు మీద పనిచేయని మందు మనుషుల మీద పనిచేయడం చూసి పెరిగాడు. థర్మామీటరు టూల్‌బాక్స్‌లో వేసుకుని బస్సెక్కాడు.

చెంచురామయ్య ఇంటి గేటు దగ్గర నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర, ఖరీదైన సెంటు.

"పత్తిలో తేమ ఎంత?"

"ఎనిమిది శాతం."

కోడ్ కుదిరింది. ఆమె శ్రీరమ్య, డిపార్ట్‌మెంట్ టెక్నికల్ ఆఫీసర్. ఈ ఇంటికి అలారం ఎంపిక చేసి పెట్టించింది ఆమే.

విత్తనం ఉన్న వెనక గదిలోకి తీసుకెళ్ళి వివరించింది. "తలుపుకి అయస్కాంతం, చట్రంలో స్విచ్. తలుపు తెరిస్తే రెండూ విడిపోతాయి, ప్యానెల్‌కి తెలుస్తుంది. పైమూలలో మోషన్ సెన్సర్. మనిషి ఒంటి వేడి కదిలితే పట్టేస్తుంది. అప్పుడు ప్యానెల్ ముప్పై సెకన్లు ఆగుతుంది, ఇంటివాళ్ళయితే కోడ్ నొక్కడానికి. నొక్కకపోతే సైరన్. కరెంటు లేకపోయినా బ్యాటరీ ఉంది. ఇరవై నాలుగు గంటల రక్షణ."

"మొన్న పిల్లికి కూడా మోగింది," అంది చెంచురామయ్య భార్య వెంకటేశ్వరమ్మ. "పక్క దొడ్లో మిరపకాయల తొడిమలు తీసే కూలోళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. నలభై మందికి మజ్జిగ పోశాను."

రెండింటికి కరెంటు పోయింది. గదిలో ఎయిర్ కూలర్ ఆగిపోయింది.

"రోజూ ఇంతే. నాలుగింటికొస్తది," అందామె.

రెండు నుంచి నాలుగు. ప్రేమదాసు సైదా థర్మామీటరు తీసి గోడకి తగిలించాడు. ముప్పై ఒకటి. పది నిమిషాల్లో ముప్పై నాలుగు. బయట వడగాలి.

అప్పుడు తెలిసింది. సెన్సర్ చూసేది వేడిని కాదు, వేడిలో తేడాని. గోడ ముప్పై ఏడు, మనిషీ ముప్పై ఏడు అయితే దానికి మనిషి కూడా గోడే. దొంగ రాత్రి వస్తాడని ఊరంతా తలుపులు వేసుకుంటుంది. ఈ దొంగ మిట్టమధ్యాహ్నం, కరెంటు కోతలో వస్తాడు. ఆ సంగతి సెన్సర్ ఎంపిక చేసిన మనిషికి తెలియకుండా ఉండదు.

హాల్లో ఫోన్ ఎత్తాడు. చప్పుడు లేదు.

"లైన్ పోయిందా?" వెనక నుంచి శ్రీరమ్య. చేయి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

ప్రేమదాసు వంటింటి వైపు తిరిగాడు. "అమ్మగారూ, కూలర్ ఆగింది. విత్తనం ఉడికిపోద్దేమో. వట్టివేళ్ళ తడికలున్నాయా?"

"అవి లేకుండా ఎండాకాలం ఎట్టా గడుస్తదయ్యా? అటక మీదున్నై."

"కిటికీలకి కట్టి బాగా తడపండి. గోడల మీదా చల్లండి. చల్లాక అలారం ఆన్ చేసి మీరు వంటింట్లోనే ఉండండి."

"చల్లటానికి నీ పర్మిషనేంటి," అంటూ ఆమె బకెట్ అందుకుంది.

శ్రీరమ్య నవ్వింది. "పల్లెటూరి టెక్నాలజీ. రండి, వరండాలో కూర్చుందాం."

వరండాలో ఆమె పిస్టల్ బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొట్టానికి సైలెన్సర్.

"సైదాని ఎవరు చంపారు?"

"ఎక్కువ ప్రశ్నలు వేశాడు. మీరు కూడా వేస్తున్నారు."

రెండూ నలభై. పెరటి గోడ అవతల మోటార్‌సైకిల్ ఆగింది. ఎవరో దూకిన చప్పుడు.

"తలుపు స్విచ్?"

"పొద్దున్నే దాని పక్కన ఇంకో అయస్కాంతం అంటించాను. తలుపు మూసే ఉందనుకుంటుంది."

వెనక గది తలుపు కిర్రుమంది. ప్రేమదాసు లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. తడికలు కట్టి అరగంట అయింది. గోడలు చాలినంత చల్లబడ్డాయో లేదో అతనికి తెలీదు.

పదకొండు. ఇనప బీరువా తలుపు లాగిన చప్పుడు.

"పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనా?"

"లెక్క."

ఇరవై. డబ్బా బీరువాలోంచి బయటికొచ్చింది. ఇరవై నాలుగు. అడుగులు పెరటి వైపు నడిచాయి. ఇరవై ఎనిమిది. పదకొండేళ్ళు గోడ ఎక్కుతున్నాయి.

ముప్పై. ఏమీ లేదు.

శ్రీరమ్య పిస్టల్ ఎత్తింది.

సైరన్ మోగింది.

ఆమె తల రెప్పపాటు అటు తిరిగింది. టూల్‌బాక్స్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ మెట్ల కిందికి జారింది. ప్రేమదాసు ఆమె చేతులు అలారం వైరుతోనే కట్టేసి పెరట్లోకి పరిగెత్తాడు.

అక్కడ అతనికి పని మిగల్లేదు. నలభై మంది ఆడవాళ్ళు ఒక తెల్లతోలు మనిషిని గోడ మీద నుంచి కిందికి లాగేశారు. వాళ్ళ పెద్ద రెబ్కా అతని మొహం రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. పొద్దున్నుంచి మిరపకాయలు తుంచిన చేతులు.

"ఎందుకేడుస్తన్నావురా?" అని అడుగుతోంది. "నేనింకా కొట్టలేదే."

విత్తనం డబ్బా ఆమె ఒళ్ళో భద్రంగా ఉంది. మూత తీయలేదు.

ప్రేమదాసు గదిలోకి వెళ్ళి థర్మామీటరు చూశాడు. ఇరవై తొమ్మిది.

పోలీసు జీపు ఇద్దరినీ తీసుకుపోయాక, నాలుగు దాటాక చెంచురామయ్య నిద్ర లేచాడు. చెవి మిషన్ తగిలించుకుంటూ వరండాలోకి వచ్చాడు. పెరడు నిండా కూలీలు, మజ్జిగ గ్లాసులు.

"ఎవరైనా వచ్చారా?" అని భార్యను అడిగాడు.

వెంకటేశ్వరమ్మ విసనకర్ర ఆపలేదు.

"కరెంటు తప్ప అందరూ వచ్చారు."