జోడుమోరీల కాడ ఉప్పిడి రొట్టె

సిద్దిపేట నుంచి జగదేవ్‌పూర్ పోయే పాత బండ్లబాటలో, అయిదో కోసు దగ్గర, రెండు రాతి మోరీలు, అంటే వాగు దాటే చిన్న వంతెనలు, పక్కపక్కనే ఉండేవి. జోడుమోరీలు అనేవాళ్లు. వానకాలంలో వాటి కింద వాగు ఉరికేది. ఎండకాలంలో వాగు ఎండిపోయి... దెయ్యం ఉండేది.

నేను చూడలేదు. చూసినవాళ్ల నోట విన్నవాళ్లు చెప్పగా, నేను చెబుతున్నాను.

పగటిపూట అక్కడ ఏమీ ఉండదు. గొడ్లు కూడా ఆ మోరీల నీడకే పండుకుంటాయి. పొద్దుగూకి, బాట మీద మనిషి అలికిడి ఆగిపోయాక, కింద నుంచి ఒక గొంతు వస్తుంది. ఆడదో మగదో తెలియని గొంతు. "ఇంత పెట్టిపో... ఇంత పెట్టిపో..." అంటుంది. అంతే. అంతకంటే ఎక్కువ వినడానికి ఎవరూ నిలబడలేదు.

బండ్లవాళ్లు దీనికో మార్గం కనిపెట్టారు. ఒక ఉప్పిడి రొట్టె, అంటే ఉప్పు వేయకుండా కాల్చిన జొన్నరొట్టె, మోరీ గట్టు మీద పెట్టి వెనక్కి చూడకుండా పోవాలి. దెయ్యం ఉప్పు ముట్టదు. ముట్టిందంటే దానికి మళ్లీ మనుషుల మీద ఆశ పుడుతుందట. తెల్లారి చూస్తే రొట్టె ఉండేది కాదు. నక్క తిని ఉంటుందిలే అని నవ్వినవాడొకడు ఉండేవాడు. ఆ నవ్వినవాడు రాత్రిపూట అటు పోయిన పాపాన మాత్రం పోలేదు.

అట్లాంటి బాటన ఒంటరిగా, నడిచి, పట్నం దాకా పోవాలని భిక్షపతి నిశ్చయించుకున్నాడు. పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచయుద్ధం, జరుగుతున్న రోజులు. వాడికి పంతొమ్మిదేళ్లు.

సరదాకు కాదు. వాడి తండ్రి రాజమల్లయ్య సిద్దిపేట పక్కనున్న వాళ్ల ఊరికి వెట్టివాడు. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు తనిఖీకి వస్తే ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని జోడుమోరీల దాకా మోయాలి. అక్కడ అవతలి ఊరి వెట్టివాడు అందుకుంటాడు. కూలీ లేదు, కాదనే నోరు లేదు. అయిదేళ్ల కింద ఒక ఎండకాలం పెట్టె ఎత్తుకుని పోయిన రాజమల్లయ్య తిరిగి రాలేదు. పెట్టె మాత్రం వాగులో పగిలి దొరికింది. పట్నం పారిపోయి మిల్లులో చేరాడని పటేలు తీర్మానించాడు. తీర్మానించి, ఆ వెట్టిని పద్నాలుగేళ్ల భిక్షపతి నెత్తిన పెట్టాడు.

కొడుకు నెత్తిన బరువు కనబడుతుంది. తల్లి నెత్తినున్నది ఎవరికి కనబడాలి? సాయవ్వ కాలికి మెట్టెలున్నాయి, ఇంట్లో మగడు లేడు. పెండ్లికి పోతే "మొగడు ఉన్నడో లేడో" అని గుసగుసలు. బొట్టు తీసేద్దామంటే కులపెద్దలు ఒప్పుకోరు, పీనుగు లేకుండా ఏడిస్తే ఊరికి అరిష్టమట. అటు ముత్తైదువ కాదు, ఇటు విధవ కాదు. అయిదేళ్లుగా ఆమె గడప మీద నిలబడే ఉంది.

"ఉన్నడో, సచ్చిండో... ఒక్క మాట తెలుసుకొని రా బిడ్డా" అంది కొడుకుతో. "ఏదైనా సరే. గీ నడుమ నిలవడుడు ఇగ నాతోని కాదు."

ఆ ఏడు రోహిణి కార్తెలో పటేలు చుట్టాల పెండ్లికని అక్కన్నపేట పోయాడు. పది రోజులు రాడు. ఆ పది రోజులే భిక్షపతికి దొరికిన సెలవు.

బస్సు కిరాయి అడిగి, విని, దండం పెట్టి వచ్చాడు. నడకే. రోళ్లు పగిలే ఎండలు కాబట్టి రాత్రులు నడక, పగళ్లు నిద్ర. బాట తెలిసిన బండి నాగేశం దగ్గర కూర్చుని మజిలీలు గొణుక్కుంటూ కంఠతా పట్టాడు. మొదటి పగలు జోడుమోరీలు దాటాక చింతతోపులో. నీళ్లకు ఖర్చు లేదు, బావి ఉంది. రెండో పగలు జగదేవ్‌పూర్‌లో, అమ్మ ఎరిగిన ఇశ్రాయేలు ఇంట్లో. గంజి పోస్తాడు. మూడో పగలు దర్గా చావడి. నాలుగోది అప్పటికి చూసుకోవాలి. అయిదు రాత్రులకు పది రొట్టెలు, నాలుగు ఉల్లిగడ్డలు, ఇంత కారం. చెప్పులు అరగకుండా చేత పట్టుకుని నడవాలి, పట్నం పొలిమేరలో తొడుక్కోవాలి.

"మరి అచ్చేటప్పుడో?" అన్నాడు నాగేశం.

"అచ్చేటప్పుడు బాపు ఉంటడు గద మామా. ఆయిన చూసుకుంటడు."

నాగేశం చుట్ట పక్కన పెట్టి, "పదకొండో రొట్టె కాల్పియ్యి" అన్నాడు. "ఉప్పిడిది. జోడుమోరీలకు."

"గది లెక్కల లేదు."

"దయ్యంతోని లెక్కలేందిరా!"

"పిండి గురిగి అడుగంటింది మామా. పదే అయినయి. మనుషులకే సాలుతలేవు, దయ్యాలకు ఏడికెళ్లి తెస్తం?"

సాయవ్వ కూడా గురిగి గీకి చూసింది. రొట్టె కాదు కదా, బిళ్ల కూడా కాలేదు.

సరే, బయల్దేరాడు.

చీకటి రాత్రి. అర్ధరాత్రి దాటితే గాని చంద్రుడు రాడు. జోడుమోరీల దాకా బాట వాడి కాళ్లకు తెలుసు. గిర్దావరు పెట్టెతో ఎన్నిసార్లు నడవలేదు! కానీ అదంతా పగలు, పదిమందితో. రాత్రి ఒంటరిగా ఇదే మొదలు.

నాలుగో కోసు దాటింది. గాలి నిలిచిపోయింది. బాటకు రెండు పక్కలా గుట్టలు దగ్గరికి వచ్చాయి.

మోరీ గట్టు... ముందు తెల్లగా మసక మసకగా కనబడింది.

గబగబా దాటేద్దామనుకున్నాడు. రెండడుగులు వేశాడో లేదో... కింద రాయి ఒకటి దొర్లింది.

నిలబడ్డాడు.

ఏమీ లేదు.

మళ్లీ అడుగు వేశాడు. కింద ఇసుకలో... ఇంకో అడుగు పడింది. వాడు ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది.

"ఇంత... పెట్టిపో..."

భిక్షపతికి ఉరకాలని ఉంది. కాళ్లు కదలవు. భుజం మీది రొట్టెల మూట మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. ప్రాణం పోయినా అది పోనివ్వకూడదు, ఇంకా నాలుగు రాత్రుల నడక ఉంది.

"ఇంత పెట్టిపో..." గొంతు దగ్గరైంది.

"నా కాడ... ఉప్పిడిది లేదు" అన్నాడు. "అన్నీ... ఉప్పేసినయే..."

నిశ్శబ్దం.

పోయిందేమో అనుకున్నాడు.

"ఉప్పు... ఏసినయా?"

ఈసారి ఆ గొంతు దెయ్యం గొంతులా లేదు. ఆశపడ్డ గొంతులా ఉంది. అదే ఇంకా భయం వేసింది.

మూట విప్పి ఒక రొట్టె గట్టు మీద పడేశాడు. చీకట్లోంచి ఒక చేయి... పైకి వచ్చింది. గట్టంతా తడిమింది. రొట్టె దొరకబుచ్చుకుని కిందికి పోయింది.

నమిలే చప్పుడు. నక్కలా కాదు, మనిషిలా. ఒక్కసారి ఆగింది. మళ్లీ నమిలింది. ఆ తర్వాత...

ఏడ్పు.

దెయ్యాలు భయపెడతాయని విన్నాడు గాని ఏడుస్తాయని వినలేదు. నోట్లో రొట్టె పెట్టుకుని, మింగలేక, ఆపుకోలేక ఏడ్చే ఏడ్పు.

"ఎప్పటి తీర్గనే..." అంది ఆ గొంతు. "ఉప్పు జర ఎక్కువేసింది... సాయవ్వ."

తల్లి పేరు దెయ్యానికి ఎట్లా తెలుసు? అన్ని కథలూ గుర్తొచ్చాయి. పేరు పెట్టి పిలిస్తే పలకొద్దంటారు. అంతలో గుట్ట వెనక నుంచి సగం కోసిన చంద్రుడు పైకి వచ్చాడు. మోరీ కింది నుంచి ఒక మనిషి చేతుల మీద పాక్కుంటూ వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. తల ముగ్గుబుట్ట. ఒంటి మీద గోచి. బొమికలు లెక్కపెట్టుకోవచ్చు.

కాళ్లు నేలకు ఆనే ఉన్నాయి. నీడ పడుతూనే ఉంది.

"బాపూ..." అన్నాడు భిక్షపతి.

"ఒర్రకు" అన్నాడు రాజమల్లయ్య. "గాలికి దూరం పోతది."

బతికే ఉన్నాడు. ఎక్కడో పట్నంలో కాదు, ఇంటికి అయిదు కోసుల దూరంలో. పగలు గుట్టల్లో, రాత్రి మోరీ కింద. ఇసుకలో చెలిమె తవ్వుకుని నీళ్లు, జనం భయపడి పెట్టిన రొట్టె మీద ప్రాణం. మొదటిసారి ఆకలికి ఆగలేక ఒక బండివాడిని అడిగితే వాడు మూట పారేసి ఉరికాడట. ఆ మర్నాటికల్లా దెయ్యం పుట్టింది. మనిషిగా అడిగితే పెట్టని లోకం దెయ్యంగా అడిగితే పెట్టింది.

"గా పొద్దు ఏమైంది?" అన్నాడు కొడుకు.

"ఏముంది? అవతలి ఊరోడు రాలె. ఇంకో నాలుగు కోసులు మొయ్యిమన్నరు. ఎండకు కండ్లు తిరిగినయి, పెట్టె జారి వాగుల వడ్డది. తన్నులు పడ్డయి. గుట్టల్లకు ఉరికిన."

"పట్నం పోవద్దా మరి?"

"గీడికెళ్లి ముందటికి నేనెన్నడు పోలె కొడుకా. నా బరువు గీడికే దిగుతుండె. గీడికి అచ్చినంక కాళ్లు పడలె." రాజమల్లయ్య బాట వైపు చూశాడు. పుట్టిన నాటి నుంచి లోకం ఆ మోరీల దగ్గరే ఆగిపోయినవాడు. పారిపోవడం కూడా అక్కడి దాకే చేతనైంది.

"ఇంటికి రా."

"పటేలు సంపుతడు."

"నీ బరువు నేను మోస్తున్న బాపు. అయిదేండ్ల సంది."

"ఎరుకే."

"ఎట్లెరుక?"

రాజమల్లయ్య తల వంచుకున్నాడు. "గీ మోరీ మీంగనే పోతుంటివి గద... పెట్టె ఎత్తుకొని. గిర్దావరు అస్తున్నడని అలికిడైతె గుట్ట దిగి, కింద దాగి, రాళ్ల సందులకెళ్లి చూస్తుంటి. మొదాలు పాదాలు గింతంత ఉండె. మల్లమల్ల పెద్దగైనయి."

భిక్షపతి కాళ్ల కింది రాతిని చూసుకున్నాడు. తన అడుగుల కింద, మూరెడు రాతి కింద, తండ్రి. ఏడుస్తూ మోసిన రోజులు కూడా ఉన్నాయి. అవీ విన్నాడన్నమాట.

"ఒక్కపారి... పిలువద్దా?"

"పిలిస్తె నెత్తి మీదిది అందుకోవాలె గదరా" అన్నాడు తండ్రి.

అంతకంటే నిజం ఇంకేం చెబుతాడు! కోపం వచ్చింది భిక్షపతికి. గొంతు పిసకాలనిపించింది. ఆ మెడ చూస్తే పిసకడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"సచ్చిన్నని చెప్పు మీ అవ్వకు" అన్నాడు రాజమల్లయ్య. "దాని పానం కుదుటవడుతది. నేను గూడ దయ్యాన్నే అయిపోత."

భిక్షపతి మిగిలిన తొమ్మిది రొట్టెలూ గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగాడు. చింతతోపు, జగదేవ్‌పూర్ గంజి, దర్గా చావడి అన్నీ ముందున్న బాటలోనే ఉండిపోయాయి. అయిదు రాత్రుల ప్రయాణం ఒక్క రాత్రికే తీరింది. ఎంత పొదుపు! ఏడ్పు రాలేదు వాడికి, నవ్వొచ్చింది.

తెల్లవారేసరికి సాయవ్వ వాకిట్లో ఉంది.

"ఒక్క రాత్రికే అస్తివేంది బిడ్డా?"

దారంతా వల్లె వేసుకున్న మాటే చెప్పాడు. "పట్నం దాక పోవుడు వడలేదవ్వా. జోడుమోరీల కాడున్నది... బాపే. దయ్యమై ఉన్నడు."

సాయవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఎడమకాలి మెట్టె మెల్లగా తీసి పక్కన పెట్టింది. కుడికాలి మీద చేయి వేసి ఆగింది.

"కండ్లవడ్డడా?"

"కండ్లవడ్డడు."

"ఎట్లున్నడు?"

దారంతా వల్లె వేసినవాడు ఈ ఒక్కటీ అనుకోలేదు. "తల మొత్తం నెరిసిందవ్వా..." అన్నాడు. అన్నాక నోరు మూసుకున్నాడు.

సాయవ్వ తలెత్తింది. కొడుకు మొహంలోకి అట్లాగే చూసింది.

"పెట్టె ఎత్తుకొని పోయిన్నాడు ఒక్క తెల్లెంటిక లేకుండె" అంది. "సచ్చినోళ్ల తల నెరువది బిడ్డా."

భిక్షపతి తల వంచుకున్నాడు.

ఎక్కడున్నాడు, ఏం తింటున్నాడు, ఎందుకు రాలేదు... ఒక్కటీ అడగలేదు ఆమె. కుడికాలి మెట్టె పట్టుకుని లాగింది. ఏళ్ల తరబడి ఉన్నది, వేలు ఉబ్బి రాలేదు. తోలు లేచిపోయేలా లాగి పడేసింది. లేచి, జుట్టు విప్పుకుని, గడప దాటి వాడ నడుమకు వచ్చి రొమ్ము బాదుకుంది.

"రాజమల్లయ్యో... నన్నిడిసిపెట్టి పోతివా... నీకు మనసెట్లొచ్చె..."

వాడంతా ఉరికొచ్చింది. ఆడవాళ్లు ఆమె మెడ మీద పడి శోకం అందుకున్నారు. కులపెద్దలు కూడా ఈసారి అడ్డం చెప్పలేదు, దెయ్యమయ్యాడంటే చచ్చినట్టే కదా.

భిక్షపతి గోడ పక్కన నిలబడి విన్నాడు. ఆ శోకంలో అబద్ధం ఒక్క మాట కూడా లేదు.